రెండో రాజు

అయ్యవారు పోయారన్న కబురు నాకు వంటింట్లో అందింది. కువైట్‌లో నేను పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం. మధ్యాహ్నానికి ఆమె చుట్టాలు వస్తారని బియ్యం నానబోసి, కోడికి మసాలా పట్టిస్తున్నాను. మా నాటకంలో మొదటి రాజు వేషం కట్టే తమ్ముడు ఫోనులో మాట రికార్డు చేసి పంపాడు. అతనిది షువైఖ్‌లో కార్లకు రంగు కొట్టే షెడ్డులో పని. వెనకాల కంప్రెసరు మోత. ఆ మోతలోనే చెప్పాడు: "అక్కా, అయ్యవారు లేడక్కా. పొద్దన్నే అంగట్లో మిషను ముందర కూలబడిపోయినాడంట. ఆస్పత్రికి తీసకపోయేలోపలే ఖలాస్."

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాటకానికి ఇంక మూడు శుక్రవారాలే ఉన్నాయి. ఏడాది పొడుగునా మమ్మల్ని తోమి తోమి పెట్టిన మనిషి, ఆ ఒక్క రోజు చూడకుండా ఎట్లా పోతాడు? మసాలా చేతులతోనే ఆ మాటలు మళ్ళీ మళ్ళీ విన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, చుట్టాలు తిని వెళ్ళాక గిన్నెలు కడిగేటప్పుడు.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. మిర్కాబ్‌లో ఒక పాత బిల్డింగు కింద టైలరు అంగడిలో బట్టలు కుడుతూ జీవితంలో సగం గడిపారు. కోనసీమ మనిషి. గోదావరి వాళ్ళు ఆయన్ని మేస్టారు అనేవాళ్ళు, మా కడప, రాయచోటి వాళ్ళం అయ్యవారు అనేవాళ్ళం. రెండు పిలుపులూ నాటకం నేర్పినందుకు వచ్చినవే.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది మామా పండగ గౌను పొడుగు తగ్గించడానికి వెళ్ళినప్పుడు. డ్రైవరు బండి పెట్టుకునే చోటు దొరక్క ఎక్కడో తిరుగుతున్నాడు. నేను అంగట్లో బల్ల మీద కూర్చుని, మా తాత పాడే పద్యం ఒకటి సన్నగా అనుకుంటున్నాను. మా తాత మా చుట్టుపక్కల ఊళ్ళలో నాటకాలు ఆడినవాడు. ఉన్నట్టుండి మిషను ఆగింది. నేనూ ఆగాను.

"మిషను ఆగితే శ్రుతి పోయిందేంటమ్మా?" అన్నారాయన.

అప్పుడు గమనించాను, ఆ మోటారు రొదకు కలిపి పాడుతున్నానని. ఆయనకు అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటట. హార్మోనియం లేని దేశంలో మిషనే శ్రుతిపెట్టె.

"ఏ ఊరమ్మా మనది?"

"రాయచోటి పక్కన సార్."

"నాటకంలో ఆడతావా?"

"ఆడితే మా మామా తంతాది సార్."

"మీ మామా గౌను ఒంటికి అతికినట్టు కుట్టి పెడతాను. అద్దంలో చూసుకుని, ఆ సంతోషంలో నిన్ను వదిలేత్తాది. ఆయ్, చూడు కావాలంటే."

నవ్వుకుంటూ వచ్చేశాను. కానీ గౌను నిజంగానే అతికినట్టు కుదిరింది. మామా అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు అడిగాను, శుక్రవారం మధ్యాహ్నాలు కాస్త ముందుగా వదలమని. వదిలింది. రాణి వేషమని చెబితే పడీ పడీ నవ్వింది. అప్పటి నుంచి వంటింట్లో నా పేరు మలికా, అంటే రాణి. "మలికా, యల్లా, గిన్నెలు!" అని తొందరపెడుతూ కేకేసేది.

మేం ఆడిన నాటకం అయ్యవారు సొంతంగా రాసుకున్నది. దాని వెనక ఆయన నాయనమ్మ ఉంది. ఆమె రంగంలో పుట్టింది. రంగూన్‌ని వాళ్ళ వైపు రంగం అనేవారు, ఇంటికొకరు కూలికి పోయేవారు. యుద్ధం వచ్చినప్పుడు చిన్నపిల్లగా అడవుల వెంట నడిచి ఇండియాకు చేరిందట. ఆమె మనవడికి చెప్పిన కథల్లో ఒకటి బర్మా ఆఖరి రాజుది. ఏడేళ్ళు ఏలాడు. ఇంగ్లీషువాళ్ళు సైన్యంతో వచ్చి, సరిగ్గా సర్దుకోనైనా ఇవ్వకుండా, రాణితో సహా ఎడ్లబండి ఎక్కించి నది దాకా నడిపించారు. అక్కడి నుంచి ఓడలో మన దేశానికి తెచ్చి, సముద్రం ఒడ్డున రత్నగిరిలో ముప్పై ఏళ్ళు ఉంచారు. అక్కడే పోయాడు. సమాధి కూడా అక్కడే. ఆ ముసలమ్మకు రాజు పేరు తెలీదు, ఆఖరి రాజు అనేదట. "మనం కూలికి ఆళ్ళ దేశం ఎల్తంటే, ఆళ్ళ రాజు ఖైదీగా మన దేశం వచ్చేడ్రా. ఓడలు ఎదురుబొదురు పోయాయి," అనేదట.

ఈ మాట అయ్యవారు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ చేతిలో గుడ్డ పక్కన పెట్టి చెప్పేవారు. కువైట్‌లో ఈ కథెందుకు, నవ్వించేది ఏదైనా ఆడదాం అని మొదటి రాజు అన్నప్పుడు ఆయన జవాబు నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది.

"ఇక్కడ ప్రతివోడూ ఇంటికెళ్ళే రోజు కోసం చూత్తాడు. ఆ రాజుకి చూసుకోడానికి రోజే లేదు. అయినా తెల్లారి లేచి పట్టు కట్టుకున్నాడు. కూతుళ్ళకి చెవులు కుట్టించాడు, అదీ రాజు ఇంట్లో ఎలా చెయ్యాలో అలాగే. ఎలా బతికేడంటావ్? అది కదరా ఆడాల్సింది!"

పద్యనాటకం చూసినవాళ్ళకు ఒక పద్ధతి తెలిసే ఉంటుంది. పెద్ద వేషం ఒక్క గొంతుకు భారం, ఆశపడేవాళ్ళేమో నలుగురు. అందుకని ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. మొదటివాడు ఒక అంకం ఆడి తెర వెనక్కి పోతే, రెండోవాడు వచ్చి మిగతాది అందుకుంటాడు. మొహం మారిందని చూసేవాళ్ళు పేచీ పెట్టరు. మా నాటకంలో ఏలుబడి మొదటి రాజుది, ప్రవాసం రెండో రాజుది. నాటకం ఇంకా రాయకముందే మొదటి రాజు వేషానికి కొట్లాట మొదలయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చివరికి పొడుగూ గొంతూ ఉన్న మా రంగుల తమ్ముడికి దక్కింది. రెండో రాజు వేషానికి మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు. కిరీటం లేని రాజు ఎవరికి కావాలి?

"నేనేత్తాను," అన్నారు అయ్యవారు. "కిరీటం పెట్టుకోడం ఎవడికైనా వచ్చేత్తాది. తీసేసేక తల ఎలా నిలబెట్టాలో, అదీ నేర్చుకోవాల్సింది."

రాజును పట్టుకుపోయే తెల్లదొర వేషం వఫ్రా తోటల్లో పనిచేసే మదనపల్లె ఆయనది. ఎండకు కమిలి బొగ్గులా ఉంటాడు. మొహానికి డబ్బాడు పౌడరు పట్టేది. వఫ్రా నుంచి బస్సులు సరిగ్గా ఉండవని టమేటా లారీలో వచ్చి, టమేటా లారీలోనే పోయేవాడు.

మొదటి ప్రదర్శన పోయినేడు చేశాం. ఒక పెద్ద అపార్ట్‌మెంటు కింద సర్దాబులో. సర్దాబంటే నేల కింది హాలు, పుట్టినరోజులకూ అన్నప్రాశనలకూ అద్దెకిస్తారు. రెండు దుప్పట్లు కలిపి కుట్టి అయ్యవారే తెర చేశారు. హాలు నిండిపోయింది. డ్రైవర్లు, లోడర్లు, వంటవాళ్ళు, పిల్లల్ని చూసుకునే అమ్మాయిలు. పట్టాభిషేకానికి ఈలలు. చెవులు కుట్టించే ఘట్టానికి ఆడవాళ్ళు ముక్కులు చీదారు. అది నాకు బాగా కుదిరిందని అందరూ అన్నారు.

కానీ అసలైనది రాజు వెళ్ళే పద్యం. అయ్యవారు నాటకాన్ని వరస మార్చి రాశారు. ప్రవాసంలోని రోజులన్నీ ముందు చూపించి, రాజును బండి ఎక్కించే ఘట్టం చిట్టచివర పెట్టారు. మనం గడప దాటేటప్పుడు పోయొస్తాం అంటాం, పోతాం అనం. ఆ పద్యంలో రాజు పోతున్నాను అనే అంటాడు, వస్తానని ఎక్కడా అనడు. అశుభమని మొదటి రాజు ఎంత మొత్తుకున్నా అయ్యవారు ఆ మాట మార్చలేదు.

ఆ రోజు ఆయన ఆ పద్యం పాడి, తెల్లదొర వెంట తెర వెనక్కి వెళ్ళారు. హాలంతా ఒక్క గొంతుతో లేచింది: "వన్స్ మోర్!"

మనవాళ్ళ సంగతి మనకు తెలిసిందే. పద్యం నచ్చితే చచ్చి పడిపోయిన వేషగాడైనా సరే లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. అయ్యవారు తిరిగి వచ్చారు. రాగం ఇంకాస్త సాగదీసి పాడారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ వచ్చారు. "దొరా, ఈసారన్నా చెయ్యి గట్టిగా పట్టుకోప్పా!" అని ఎవడో వెనక నుంచి అరిచాడు. మూడోసారి పౌడరంతా చెమటకు కారిపోయి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న దొర, రాసిచ్చిన మాటలు వదిలేసి, "రాజా, నా టమేటా లారీ పోతాది, యల్లా!" అన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. దేశం పోగొట్టుకున్న రాజును నవ్వుతూ సాగనంపాం.

బిర్యానీ పొట్లాలు పంచుతున్నప్పుడు కూడా ఆ నవ్వులు ఆగలేదు. అయ్యవారు ఒక్కరే తెర వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మొహం రంగు తుడుచుకోకుండా అలాగే ఉన్నారు. నేను పొట్లం తీసుకెళ్ళాను.

"రాజు తిరిగొచ్చేసేడమ్మా," అన్నారు.

"జనం పిలిచినారు గదా సార్. మీరేం చేస్తారు?"

"పిలవడం ఆళ్ళ తప్పు కాదు. నా గొంతుకే ఆశ. ఆ రాజు ముప్పై ఏళ్ళు చూసినా ఎవరూ రమ్మన్లేదు. నన్ను ఒక్క కేకేసేసరికి పరిగెత్తుకొచ్చేసేను. నేను రాజునెలా అవుతాను?"

"అందరూ సంతోషంగా పోతాండారు సార్."

"నవ్వించడానికి బోల్డు నాటకాలున్నాయి. ఒక్కసారి, ఒక్కసారైనా రాజు వెళ్ళాలి. వెళ్ళి రాకూడదు. మనోళ్ళు దాన్ని కళ్ళారా చూసి, లేచి, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కాలి. అదయ్యేదాకా నాకు నిద్దర పట్టదు." పొట్లం విప్పి ఒక ముద్ద తిని, తనకు తనే చెప్పుకున్నట్టు అన్నారు: "కుట్టు విప్పితే గుడ్డ చావదు. మళ్ళీ కుడదాం."

ఆ తర్వాత ఏడాదంతా ఆ ఒక్క సంగతి మీదే. శుక్రవారం మధ్యాహ్నం అంగడి షట్టరు సగం దించి రిహార్సలు పెట్టేవారు. కాలరు నిండా గుండుసూదులు. పాలు లేని టీ అందరికీ పోసేవారు, తాను మాత్రం గ్లాసు పక్కన పెట్టుకుని చల్లారేదాకా మరిచిపోయేవారు. తప్పు పాడితే తిట్టేవారు కాదు, మిషను ఆపేసేవారు. ఆ నిశ్శబ్దం కంటే తిట్టు నయం.

రాజు తెర వెనక్కి పోకూడదని ఆయన తేల్చేశారు. "వెనక్కెళ్తే పిలుత్తారు. జనం మధ్య నుంచి నడిచి, మెట్లెక్కి, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోవాలి. అప్పుడు కూడా పిలుత్తారు. ఎందుకు పిలవరు? రాకూడదంతే."

నన్నూ వదల్లేదు. మొదటి ప్రదర్శనలో ఆడవాళ్ళను ఏడిపించిన చెవులు కుట్టే ఘట్టం ఆయనకు నచ్చలేదట. అందులో నేను వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. దానికి కారణం ఉంది. ఊళ్ళో నా కూతురికి చెవులు కుట్టించినప్పుడు నేను ఇక్కడ మామా ఇంట్లో నీళ్ళ గదిలో నిలబడి ఫోనులో చూశాను. మధ్యలో సిగ్నలు పోయింది. ఆ మాట ఆయనకు చెప్పాను, ఆ ఏడుపు నాది, దాన్ని తీసేయమనొద్దు అన్నాను.

"ఏడుపు ఉంచుకోమ్మా. నీదే అది. కానీ చెయ్యి మాత్రం వణక్కూడదు. కుట్టే చెయ్యి వణికితే నొప్పి పిల్లకి," అన్నారు.

అంతకంటే ఎక్కువ ఎవరూ నాకు ఏమీ నేర్పలేదు. కువైట్‌లో ఇన్నేళ్ళు ఎట్లా ఉన్నావని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఆ మాటే చెబుతాను.

ఆయన శవప్పెట్టె ఊరికి చేరింది. గోదావరి కుర్రాళ్ళు ఆయనకు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరికీ ఎంబసీకీ తిరిగి పంపించారు. ఆయన కొడుకు అక్కడ తలకొరివి పెట్టాడు. ఆ రాజుకు దక్కనిది ఆయనకు దక్కింది, అందుకు నాకు సంతోషమే. నేను చివరి చూపు చూడలేదు. పనిరోజు.

ఆ తర్వాతి శుక్రవారం అందరం అలవాటు కొద్దీ మిర్కాబ్‌కే వెళ్ళాం. షట్టరు మూసి ఉంది. కాలిబాట మీదే నిలబడ్డాం.

"ఈయేటికి వద్దులే అక్కా," అన్నాడు మొదటి రాజు. "మనసు బాగలేదు. మనిషి పోయి నెల గూడా తిరగలా."

దొర ఇంకో మాట అన్నాడు. "హాలు మాట్లాడేసినాం, జనానికి చెప్పేసినాం. పట్టాభిషేకం దాకా ఆడి మంగళం పాడేద్దాం. రెండో రాజు ఎట్లా లేడు. రాజు సింహాసనం మీద కూచున్నట్టు ముగిస్తే శుభంగా ఉంటాది."

అందరూ తలూపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రాజు ఏలేది చూపించి పొమ్మంటే, అది అయ్యవారి నాటకం కాదు. ఆయన ఏడాదంతా సచ్చింది బతికింది ఆ ఒక్క పద్యం కోసమే. రాజు పోవాల. రెండో రాజు నేను కడతా."

ఎవరో నవ్వారు. మొదటి రాజు నవ్వలేదు. "మరి రాణెవరక్కా?" అన్నాడు.

"రాణిని ముందే బండి ఎక్కించేసినారని దొర చెప్తాడు. ఆ చివరి ఘట్టం దాకా నేనే రాణి, రాజువి నువ్వే. ఆడ తెర దించండి, మార్చుకోనొస్తా. ఒకే వేషం ఇద్దరు కట్టొచ్చంట, రెండు వేషాలు ఒకరు కడితే తప్పా?"

"మొగోడి పద్యం అక్కా, పై స్థాయి."

ఆ కాలిబాట మీదే, పోయే వచ్చే జనం మధ్య, శ్రుతి లేకుండా ఎత్తుకున్నాను. ఏడాది పొడుగునా షట్టరు కింద వినీ వినీ నోటికొచ్చిన పద్యం. పక్క అంగడి పఠాను బయటికొచ్చి నిలబడ్డాడు. పద్యం అయ్యేసరికి మొదటి రాజు కళ్ళు తుడుచుకుని, "నా వంతు అయినాక నేను జనంలో కూచుంటా. ఎవడన్నా గొడవ చేస్తే చూసుకుంటా," అన్నాడు.

ఇక మిగిలింది మామా. ప్రదర్శన రోజు ఆమె ఇంట్లో విందు ఉంది. ఎప్పటిలా కొన్ని గంటలు కాదు, పూర్తి రోజు కావాలి నాకు. నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను, నాకు విద్య నేర్పిన ఉస్తాదు పోయాడని, ఆయన వేషం నేనే వేయాలని. అల్లా యెర్‌హమా, దేవుడు ఆయన్ని కరుణించాలి, అంది. ఏం కథ అని అడిగింది. రాజు, సైన్యం, సర్దుకోడానికి టైము లేదు, బండి, ఓడ, అని ముక్కలు ముక్కలుగా చెప్పాను.

మామా చేతిలో కాఫీ గిన్నె కింద పెట్టింది. ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది ఆమె కొత్త పెళ్ళికూతురట. ఒంటి మీది బట్టలతో, మొగుడితో, అత్తతో కారులో ఎడారి దాటి సౌదీకి పోయారట. ఇన్నేళ్ళలో నాకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

"మేం తిరిగొచ్చాం," అంది. "ఆ రాజు?"

"రాలేదు మామా."

విందుకు హోటలు నుంచి తెప్పిస్తానని చెప్పింది. నేను ఆమె చేయి ముద్దు పెట్టుకోబోతే విదిలించి, "యల్లా, గిన్నెలు," అంది. ఆ రోజు మలికా అనలేదు.

రెండో రాజు దుస్తులు అయ్యవారి కొలతకు కుట్టినవి. అంగడి యజమాని అడిగితే ఇచ్చాడు. బుజాలు నాకు జారిపోతున్నాయి. ఆయన కుట్టు విప్పడానికి చేతులు రాలేదు ముందు. అంత సన్నటి కుట్టు. మూడు మధ్యాహ్నాలు వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని, విప్పి, మడిచి, చేత్తోనే కుట్టుకున్నాను. ఆయన పనితనం ముందు నా కుట్లు కాకి అడుగుల్లా ఉన్నాయి, అయినా బుజాల మీద నిలబడింది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నానికే హాలు నిండింది. అయ్యవారు పోయారని తెలిసి, పోయినేడు రానివాళ్ళు కూడా వచ్చారు. మొదటి రాజు ఎప్పుడూ లేనంత బాగా ఏలాడు. నేను రాణిగా కూతుళ్ళకు చెవులు కుట్టించాను. చెయ్యి వణకలేదు. తెర పడింది, తీశారు, రాజుగా నిలబడ్డాను. ఆడమనిషి రాజా అని గుసగుసలు ఒక్క నిమిషమే వినిపించాయి. దొర వచ్చి, రాణిగారు బండిలో ఉన్నారు ప్రభూ, అన్నాడు. ఆ రోజు అతని పౌడరు కారలేదు.

పద్యం ఎత్తుకున్నాను. ఎట్లా పాడానో నాకు తెలీదు, చెప్పినా నమ్మకండి. పాడుతూనే వేదిక దిగి జనంలోకి నడిచాను. కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు దగ్గరికి లాక్కుని దారి ఇచ్చారు. ఒక అమ్మాయి నా అంగీ అంచు తొక్కకుండా చేత్తో పక్కకు తీసింది. పద్యం పూర్తయేసరికి మెట్ల దగ్గర ఉన్నాను.

అప్పుడు లేచింది కేక. ముందు ఒక మూల నుంచి, తర్వాత హాలంతా. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

అయ్యవారు గొంతుకు ఆశ అన్నారే, ఆ ఆశ ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఇంతమంది ఒక్కసారిగా రమ్మనలేదు. పనికి పిలిచారు, గిన్నెలకు పిలిచారు, పాట కోసం ఎవరు పిలిచారు? ఒక్క పద్యమే కదా, వెనక్కి తిరిగి పాడేసి పోతే ఏం పోయింది? కాలు నిజంగానే ఆగింది. ఎక్కక తప్పదని ఒక మెట్టెక్కాను, తర్వాత ఇంకొకటి. కేకలు వీపుకు తగులుతున్నాయి. "అక్కా, అక్కా, ఒక్కసారి!" ఎవరో ఏడుస్తూ అంటున్నారు. తలుపు తోసుకుని బయటపడ్డాను. తలుపు మూసుకుంది, చప్పుడు ఆగిపోయింది.

బయట ఎండ. బిల్డింగు కాపలా ఉండే ఈజిప్టు ముసలాయన రాజు వేషంలో ఉన్న నన్ను చూసి గాభరాగా లేచి, "వేన్? వేన్?" అన్నాడు. ఎక్కడికి, ఎక్కడికి అని. ఆగి ఉన్న బస్సుల పక్కగా నడిచి, రోడ్డు దాటి, అవతల కిరాణా కొట్టు ముందు నీడలో నిలబడ్డాను.

లోపల ఏం జరిగిందో మొదటి రాజు తర్వాత చెప్పాడు. కాసేపు అరిచారట. రాజు రాకపోయేసరికి ఒక్కొక్కరే అరవడం మానేశారట. చప్పట్లు కొట్టలేదట. మంగళం పాడాలా అని దొర సైగ చేస్తే వద్దన్నాడట. అందరూ ఆ మెట్ల వైపే చూస్తూ కూర్చున్నారట, చాలాసేపు.

తర్వాతది నేనే చూశాను. ఆ సర్దాబుకు వేరే దారి లేదు. తలుపు తెరుచుకుంది. రాజు ఎక్కిన మెట్లే ఎక్కి, ఒకరి వెనక ఒకరు ఎండలోకి వచ్చారు. షువైఖ్ వాళ్ళు, మిర్కాబ్ వాళ్ళు, వఫ్రాకు లారీ ఎక్కాల్సినవాళ్ళు, పిల్లల్ని చూసుకునే అమ్మాయిలు. ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని చూశారు. రోడ్డుకు అవతల, పట్టు అంగీలో, బోసి తలతో నిలబడి ఉన్న నన్ను ప్రతి ఒక్కరూ చూశారు. కాసేపు అలాగే నిలబడి, ఎవరి బస్సు వైపు వాళ్ళు నడిచారు. ఎవరూ పిలవలేదు.